వేడెక్కాక మూడో సిలిండర్ మిస్సింగ్, పీ0203 కోడ్: కొత్త ఇంజెక్టర్ వేసినా పోవడం లేదు

సంతబాట (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. బట్టల వ్యాపారం. ఊళ్లో చిన్న కొట్టు ఉంది కానీ అసలు బేరమంతా సంతల్లోనే. కాశీనగర్, గుమ్మ, ఆర్.ఉదయగిరి, మోహన, ఇలా వారంలో ఎక్కడో ఒకచోట మూటలు దించాల్సిందే. వెనక సీటు మడిచి మూటలు సర్దుకుని తెల్లారకముందే బయలుదేరతాను. ఈ కారు మీదే మా ఇల్లు గడుస్తోంది.

బండి 2013 మోడల్. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. శ్రీకాకుళం వైపు ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొన్నటి ఎండాకాలం వరకు ఏ ఇబ్బందీ లేదు. వానలు మొదలయ్యాక వచ్చింది ఈ బాధ.

పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఊరు దాటేదాకా బాగా నడుస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక ఒక్కసారిగా వణుకు, పికప్ పోతుంది, ఇంజిన్ లైట్ మినుకుమినుకుమని తర్వాత అలాగే వెలుగుతూ ఉండిపోతుంది. మూటల బరువుతో సెకండ్ గేర్‌లో కూడా ఎక్కనంటుంది. పక్కకి ఆపి బానెట్ ఎత్తి అరగంట చల్లారనిస్తే మళ్లీ మామూలే. కొన్నిసార్లు గతుకులో పడితే దానంతట అదే సర్దుకుంటుంది కూడా.

స్కానర్ పెట్టిస్తే ఒకసారి పీ0303 ఒక్కటే వచ్చింది. ఇంకోసారి పీ0303తో పాటు పీ0203 వచ్చింది. మెకానిక్ ముందు ప్లగ్గు మార్చారు. తర్వాత ప్లగ్గుకి నిప్పు కరెంటు ఇచ్చే కాయిల్. ఆ తర్వాత పెట్రోల్ కొట్టే ఇంజెక్టర్, మూడోది, కొత్తది వేశారు. రెండు మూడు రోజులు బాగుండి మళ్లీ అదే తంతు. ఇప్పుడు "ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ బాక్సు పోయింది, సెకండ్ హ్యాండ్‌ది దొరుకుతుంది, పద్దెనిమిది వేలు అవుతుంది" అంటున్నారు. ఆయన మంచివారే, పని తెలిసినవారే, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ దసరా సరుకుకి పెట్టుబడి పెట్టాల్సిన సమయంలో పద్దెనిమిది వేలు పెట్టి, అది కూడా కాదని తేలితే ఏం చేయాలన్నదే టెన్షన్.

నా దగ్గర మల్టీమీటర్ ఉంది. ఇంట్లో ఇన్వర్టర్, కొట్లో లైట్లు నేనే చూసుకుంటాను కాబట్టి వోల్టేజి, రెసిస్టెన్స్ కొలవడం వచ్చు. ఈసీఎం కొనేముందు నేను స్వయంగా చూసుకోగలిగింది ఏమైనా ఉందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపట్నం డ్రైవర్

అన్నా, ముందు పెట్రోల్ బంకు మార్చి చూడు. వానాకాలం ట్యాంకులో నీళ్లు చేరితే ఇలాగే మిస్ కొడుతుంది. నా బండికి ఇంజెక్టర్ క్లీనర్ సీసా ఒకటి పోశాను, పోయింది.

కరెంటు మేస్త్రి (రాయగడ)

సంతబాట గారూ, నేను రాయగడలో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. లారీలు, జీపులు, కార్లు అన్నీ చూస్తాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. పెట్రోల్‌లో నీళ్లుంటే నాలుగు సిలిండర్లూ బాధపడతాయి, మూడోది ఒక్కటే కాదు. కాబట్టి డ్రైవర్ తమ్ముడు చెప్పింది మీ బండికి వర్తించదు.

మొదట ఆ రెండు కోడ్‌ల సంగతి. పీ0303 అంటే మూడో సిలిండర్ సరిగ్గా మండటం లేదని. ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, వాల్వు, దేనివల్లనైనా రావచ్చు. పీ0203 అలాంటిది కాదు. మూడో ఇంజెక్టర్ కరెంటు దారిలో లోపం ఉందని అది చెబుతుంది. ఇంజెక్టర్ పోయిందని చెప్పదు. నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలా వాటికి ఈ తేడా తెలియకే సామాన్లు మార్చి ఉంటారు. పేదవాడి డబ్బు అలా పోతుంటే చూసి ఊరుకోలేను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మీ బండిలాంటి పెట్రోల్ ఇంజిన్లలో ఇంజెక్టర్‌కి రెండే వైర్లు. ఒకదాంట్లో మెయిన్ రిలే నుంచి ఫ్యూజ్ మీదుగా 12 వోల్టులు వచ్చి నిలబడి ఉంటాయి. నాలుగు ఇంజెక్టర్లకూ అదే ఫీడ్. రెండో వైరు ఈసీఎంకి వెళుతుంది. పెట్రోల్ కొట్టాల్సినప్పుడు ఈసీఎం ఆ వైరుకి లోపల ఎర్త్ ఇస్తుంది, ఇంజెక్టర్ తెరుచుకుంటుంది. ఎర్త్ తీసేస్తే మూసుకుంటుంది. స్లోలో ఉన్నప్పుడు ఆ తెరుచుకునే సమయం 2 నుంచి 4 మిల్లీ సెకన్లు, అంతే.

మరి లోపం ఉందని ఈసీఎంకి ఎలా తెలుస్తుంది? ఎర్త్ ఇవ్వని సమయంలో ఇంజెక్టర్ లోపలి రాగి తీగ చుట్ట గుండా వచ్చిన 12 వోల్టులు దాని పిన్ను దగ్గర కనబడాలి. కనబడకపోతే దారి తెగిందని కోడ్ రాస్తుంది. తెగింది చుట్టలోనా, కప్లర్‌లోనా (వైరు కొనకి ఉండే తగిలించే సాకెట్), వైరులోనా, తన సొంత పిన్ను దగ్గరేనా అన్నది దానికి తెలియదు. ఇంకో సంగతి ఉంది. చాలా ఈసీఎంలు ఈ పరీక్షను చాలా చిన్న కరెంటుతో చేస్తాయి. సగం చెడిన జాయింట్ ఆ చిన్న కరెంటును పోనిస్తుంది. ఇంజెక్టర్‌ను తెరవడానికి కావాల్సిన కరెంటు, అంటే దాదాపు ఒక ఆంపియర్, మాత్రం పోనివ్వదు. అప్పుడు సిలిండర్ మిస్ అవుతుంది కానీ 0203 రాదు. జాయింట్ పూర్తిగా విడిపోయిన క్షణంలోనే 0203 వస్తుంది. మీకు ఒకసారి ఒక కోడ్, ఇంకోసారి రెండు కోడ్‌లు వచ్చాయన్నారు చూడండి, నా అనుమానం అక్కడే మొదలైంది. గతుకులో పడితే సర్దుకుంటుందని కూడా రాశారు. ఈసీఎంలో దోషమైతే గతుక్కి సర్దుకోవడం అరుదు. వైరు, కప్లర్, జాయింట్ అయితే సర్దుకుంటాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. తప్పు కనబడుతున్నప్పుడే, అంటే వేడి మీద వణుకుతున్నప్పుడే చూడాలి. చల్లారాక కొలిస్తే అన్నీ బాగానే ఉంటాయి, మీ మెకానిక్ గారికి దొరకనిది అందుకే. అలాగని ఘాట్‌లో మలుపు దగ్గర ఆపి చూడొద్దు. ఇంటి దగ్గరే ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ మూసి, ఫ్యాన్ రెండు మూడుసార్లు తిరిగేదాకా ఉంచండి. వైరింగ్‌కి ఆ వేడి చాలు.

వణుకు మొదలవగానే పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద, పిడి చెవి దగ్గర పెట్టి వినండి. బాగున్న మూడూ టిక్ టిక్ మంటాయి. మూడోది మౌనంగా ఉంటే పెట్రోల్ కొట్టడం లేదన్నమాట. తర్వాత ఇంజిన్ ఆపి మూడో ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోల్ అందలేదు, తడిసి పెట్రోల్ వాసన వేస్తే పెట్రోల్ వస్తోంది కానీ నిప్పు లేదు. ఈ ఒక్క చూపుతో కాయిల్ వైపా, ఇంజెక్టర్ వైపా అన్నది తేలిపోతుంది.

ఇంజెక్టర్ రెసిస్టెన్స్ కొలవండి, కప్లర్ తీసి ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య. ఈ రకానికి చల్లగా ఉన్నప్పుడు 12 నుంచి 16 ఓమ్స్ మధ్య ఉండాలి. వేడి మీద ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. రాగి తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరగడం దాని స్వభావం. 20 డిగ్రీల దగ్గర 14 ఓమ్స్ ఉన్నది 90 డిగ్రీల దగ్గర సుమారు 18 అవుతుంది. నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే చూడాలి.

తర్వాత కరెంటు దారి. మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. మీటరు కరెంటు తాగదు. వైరులో పదిహేను పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు నిండుగా 12 చూపిస్తుంది. కొళాయి విప్పనంతసేపూ చెత్త అడ్డుపడ్డ పైపులో కూడా ప్రెజర్ నిండుగానే ఉంటుంది, విప్పాకే ధార ఎంతో తెలుస్తుంది. అందుకని వెనక ఇండికేటర్‌కి వాడే 21 వాట్ల బల్బు ఒకటి తీసుకుని, ఒక వైరు కప్లర్‌లోని ఫీడ్ పిన్నుకి, ఇంకోటి ఇంజిన్ ఎర్త్‌కి పెట్టి ఇగ్నిషన్ వేయండి. కొన్ని బండ్లలో ఇగ్నిషన్ వేశాక రిలే కొద్దిసేపే పట్టి ఉంటుంది, అలాంటప్పుడు సెల్ఫ్ కొడుతూ చూడాలి. బల్బు నిండుగా వెలగాలి.

ఇక్కడ గట్టిగా చెబుతున్నాను: ఆ 21 వాట్ల బల్బు ఫీడ్ వైపు మాత్రమే. ఈసీఎంకి వెళ్లే వైరుకి దాన్ని తగిలించవద్దు, ఆ బల్బు లాగే కరెంటు ఇంజెక్టర్ లాగేదానికి రెట్టింపు. ఆ వైరుకి నేరుగా బ్యాటరీ ప్లస్ అసలే ఇవ్వొద్దు. ఆ సమయంలో ఈసీఎం ఎర్త్ ఇచ్చిందంటే లోపల ఆ ఎర్త్ ఇచ్చే భాగం, డ్రైవర్ అంటారు, కాలిపోతుంది. అప్పుడు నిజంగానే ఈసీఎం కొనాల్సి వస్తుంది.

ఈసీఎం వైపుకి ఎల్ఈడీ వాడాలి. ఒక ఎర్ర ఎల్ఈడీ, దానికి వరుసలో 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఇంకా ఒన్ ఎన్ 4007 డయోడ్. డయోడ్ ఎందుకంటే ఇంజెక్టర్ మూసుకున్న క్షణంలో చుట్ట 60 వోల్టులకు పైనే ఎదురు దెబ్బ కొడుతుంది, డయోడ్ లేకపోతే ఎల్ఈడీ పోతుంది. రేడియో రిపేరు కొట్లో ఈ మూడూ పది పదిహేను రూపాయలకు దొరుకుతాయి. దీన్ని రెండు రకాలుగా చూడండి. మొదట కప్లర్ తీసేసి, కప్లర్ రెండు పిన్నుల మధ్య ఎల్ఈడీ ఒక్కటే పెట్టి చూడండి. తర్వాత కప్లర్ ఇంజెక్టర్‌కి తగిలించి, కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్నులు దూర్చి, ఇంజెక్టర్ పనిచేస్తుండగా దానికి పక్కగా ఎల్ఈడీ పెట్టి చూడండి. ఒకటో సిలిండర్‌తో పోల్చండి. రెండు ఫలితాలూ రాయండి, అప్పుడు చెబుతాను.

ఒక ప్రశ్న. ఈ బండికి ఎప్పుడైనా గ్యాస్ కిట్ ఉండేదా?

సోల్డర్ (బరంపురం)

నేను ఈసీఎంలు బల్ల మీద పెట్టి బాగుచేస్తుంటాను, బరంపురంలో. మేస్త్రిగారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను.

మా దగ్గరికి "ఇంజెక్టర్ డ్రైవర్ పోయింది" అని వచ్చే బాక్సుల్లో నిజంగా డ్రైవర్ పోయినవి ఉంటాయి, కాదనను. కానీ బాక్సు బాగుండి వైరింగ్ పోయినవి కూడా చాలా వస్తాయి, వాటికి నేను చేసేది ఏమీ ఉండదు. ఆ బండి యజమాని ఇక్కడిదాకా బస్సులో బాక్సు పట్టుకొచ్చి వెనక్కి పట్టుకెళ్లడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

సెకండ్ హ్యాండ్ ఈసీఎం కొనేముందు ఇది గుర్తుంచుకోండి: ఇమ్మొబిలైజర్ (సొంత తాళం కాకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న బండి అయితే వేరే బండి బాక్సు పెట్టగానే స్టార్ట్ అవ్వదు. తాళం, బాక్సు జత చేయించాలి. ఆ ఖర్చు పద్దెనిమిది వేలలో ఉందో లేదో అడగండి.

స్కానర్‌లో ఇంజెక్టర్ పల్స్ నాలుగు సిలిండర్లకీ ఒకేలా చూపిస్తోందని కొందరు వైరింగ్ బాగుందని తేల్చేస్తారు. ఆ అంకె ఈసీఎం ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. ఆజ్ఞ ఇంజెక్టర్ దాకా చేరిందా లేదా అన్నది అందులో ఉండదు.

సంతబాట (పర్లాకిమిడి)

మేస్త్రిగారూ, బరంపురం అన్నగారూ, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. ఒక్కొక్కటీ చేశాను.

స్క్రూడ్రైవర్ పెట్టి వింటే మూడోది వేడి మీద ఆగి ఆగి కొడుతోంది, వణుకు ఎక్కువైనప్పుడు అసలు చప్పుడు లేదు. ప్లగ్గు పూర్తిగా పొడి. రెసిస్టెన్స్ చల్లగా నాలుగూ 14కి అటూ ఇటూ, వేడి మీద 17 దాటాయి, మీరు చెప్పినట్టే. ఫీడ్ వైపు 21 వాట్ల బల్బు నాలుగు కప్లర్లలోనూ నిండుగా వెలిగింది, వేడి మీద కూడా.

ఎల్ఈడీ సంగతే వింతగా ఉంది. కప్లర్ తీసి ఎల్ఈడీ ఒక్కటే పెడితే మూడోది కూడా ఒకటోదానిలాగే చక్కగా మినుకుతోంది. "బాగానే ఉందే" అనుకున్నాను. కప్లర్ తగిలించి పక్కగా పెడితే ఒకటో దాంట్లో అంతే వెలుతురు, మూడో దాంట్లో వెలిగీ వెలగనట్టు ఉంది. మా పెద్దబ్బాయి పక్కన నిలబడి కప్లర్ కింది వైర్ల గుత్తిని కదిపితే ఒక్కసారి పెరిగి మళ్లీ తగ్గింది.

గ్యాస్ కిట్ సంగతి మీరు అడిగాక డిక్కీలో మ్యాట్ ఎత్తి చూశాను. అడుగున రేకుకి నాలుగు బోల్టు రంధ్రాలు, వాటికి రబ్బరు మూతలు వేసి ఉన్నాయి. ఒక గుండ్రటి మచ్చ కూడా. నాకు అమ్మినాయన ఏమీ చెప్పలేదు. ఆర్సీలో ఉత్త పెట్రోల్ అనే ఉంది. దీనికీ మిస్సింగ్‌కీ సంబంధం ఏమిటి?

కరెంటు మేస్త్రి (రాయగడ)

సంబంధం ఉంది, అందుకే అడిగాను.

గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్లు ఆగాలి కదా. అవి ఆగినా ఈసీఎం కోడ్ రాయకూడదు. అందుకని సీక్వెన్షియల్ కిట్ బిగించేవాళ్లు నాలుగు ఇంజెక్టర్ల ఈసీఎం వైర్లనూ కోసి మధ్యలో తమ బాక్సు కలుపుతారు. ఆ బాక్సు ఈసీఎంకి ఇంజెక్టర్ ఉన్నట్టే కనబడుతుంది. మంచి కిట్‌కి సొంత కప్లర్లు ఉంటాయి, వైరు కోయనక్కరలేదు. కానీ చాలాచోట్ల కోసేస్తారు. తర్వాత కిట్ తీసేసినప్పుడు కోసిన కొనలను చేత్తో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తారు. కొత్తలో బాగానే ఉంటుంది. ఇంజిన్ వేడికి టేపు జిగురు కారిపోతుంది, మన వానలకు తడి చేరుతుంది, రాగి పచ్చగా మారుతుంది. ఇంజిన్ ఊగిసలాటకు మెలి వదులవుతుంది. వేడెక్కితే తీగ సాగి పట్టు ఇంకా పోతుంది. మీ బండిలో ఇదే జరుగుతోందని నా అంచనా.

మీ ఎల్ఈడీ ఫలితం కూడా అదే చెబుతోంది. ఎల్ఈడీ ఒక్కటే ఉన్నప్పుడు దానికి కావాల్సింది ఒక ఆంపియర్‌లో వందో వంతు, పాడైన జాయింట్ కూడా అది ఇస్తుంది. ఇంజెక్టర్ కూడా లాగడం మొదలెట్టాక వోల్టేజి అంతా జాయింట్ దగ్గరే పోతోంది, ఇంజెక్టర్‌కి మిగలడం లేదు. ఫీడ్ నాలుగింటికీ బాగుందని బల్బు చెప్పింది కాబట్టి దోషం ఈసీఎం వైపు వైరులోనే ఉండాలి, లేదా ఈసీఎం లోపల. గుత్తి కదిపితే వెలుతురు మారిందన్నారు, కాబట్టి వైరే.

అయినా కళ్లతో చూడకుండా నమ్మొద్దు. బ్యాటరీ మైనస్ తీసి, ఈసీఎం కప్లర్ ఊడదీసి పక్కన పెట్టండి. ఈసీఎం పూర్తిగా విడిగా ఉందని రూఢి చేసుకున్నాకే బ్యాటరీ తగిలించండి. మూడో ఇంజెక్టర్ కప్లర్‌లో ఏది ఈసీఎం వైరో మీకు ఇప్పటికే తెలుసు, బల్బు వెలగనిది. బ్యాటరీ ప్లస్ నుంచి 21 వాట్ల బల్బు మీదుగా ఆ పిన్నుకి కరెంటు ఇచ్చి, అవతల ఈసీఎం కప్లర్‌లో అదే రంగు వైరు పిన్నుని ఎర్త్ చేయండి. వైరు బాగుంటే బల్బు ఫీడ్ దగ్గర వెలిగినట్టే వెలగాలి. మీటరులో బీప్ వస్తే చాలదా అని అడగొద్దు, ఒక్క పోగు ఉన్నా బీప్ వస్తుంది. పిన్నుల్లోకి లావాటి సూది, స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, లోపలి రేకు సాగిపోతే అదే కొత్త లూజు కాంటాక్ట్ అవుతుంది. అదే మందం రేకు పిన్ను వాడండి.

బల్బు మసకగా ఉంటే గుత్తి మీది టేపు మెల్లగా విప్పండి. కిట్ జాయింట్లు మామూలుగా కప్లర్లకి జానెడు, రెండు జానల దూరంలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ పక్కన ఉంటాయి. కంపెనీ చుట్టిన టేపు ఒకలా, తర్వాత చుట్టింది ఇంకోలా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఇంజిన్ లైట్ మినుకుతున్నప్పుడు బలవంతంగా ఘాట్ ఎక్కించకండి. సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముప్పు వచ్చేంత మిస్సింగ్ ఉందని ఆ మినుకుడు చెబుతుంది. ఇంజెక్టర్ చచ్చిన సిలిండర్ మండని గాలిని సైలెన్సర్‌లోకి నెడుతుంది, ఆక్సిజన్ సెన్సర్ పెట్రోల్ చాల్లేదని చెబుతుంది, ఈసీఎం మిగతా మూడింటికీ పెంచే అవకాశం ఉంది. కన్వర్టర్ ఖరీదు ఈసీఎం కంటే తక్కువేం కాదు.

సోల్డర్ (బరంపురం)

టేపు విప్పేముందు ఇంకో తేలిక పరీక్ష ఉంది. ఈసీఎం కప్లర్ దగ్గర మూడో ఇంజెక్టర్ వైరు మీద, అవతల ఇంజెక్టర్ కప్లర్ దగ్గర అదే వైరు మీద వెనక నుంచి పిన్నులు దూర్చి, రెండిటినీ పైనుంచి ఒక కొత్త వైరుతో కలపండి. అంటే పాత వైరుకి పక్కదారి. వేడి మీద వణుకుతున్నప్పుడు కలపగానే ఇంజిన్ సర్దుకుంటే ఈసీఎం నిర్దోషి. సర్దుకోకపోతే అప్పుడు బాక్సు నా దగ్గరికి తెండి, చూద్దాం. ఏ పిన్నో తప్పు పడకుండా రంగు, స్థానం రెండూ సరిచూసుకోండి. కొత్త వైరు ఎక్కడా ఇంజిన్ బాడీకి తగలకూడదు. తగిలితే ఇంజెక్టర్ తెరుచుకునే ఉండిపోయి సిలిండర్ నిండా పెట్రోల్ కారుతుంది.

సంతబాట (పర్లాకిమిడి)

దొరికింది!

పక్కదారి వైరు కలపగానే ఇంజిన్ వణుకు చేత్తో తీసేసినట్టు ఆగిపోయింది. తీస్తే మళ్లీ వణుకు, పెడితే మామూలు. మా ఆవిడ గుమ్మంలోంచి ఆ చప్పుడు తేడా విని బయటికి వచ్చింది. ఆ తర్వాత ఈసీఎం తీసి బల్బు పరీక్ష కూడా చేశాను, మూడో వైరుకి బల్బు నిప్పుకణికలా ఎర్రగా మాత్రమే వెలిగింది.

టేపు విప్పితే మేస్త్రిగారు చెప్పినట్టే నాలుగు వైర్లలోనూ నాలుగు జాయింట్లు, నాలుగూ ఒకేచోట పక్కపక్కనే. టేపు కారిపోయి చేతికి అంటుకుంటోంది. మూడో జాయింట్ పచ్చటి పొడి, లాగితే చేతికి ఊడి వచ్చేసింది. రెండోది కూడా నల్లబడి ఉంది. ఒకటి, నాలుగు కాస్త నయం.

మా మెకానిక్ గారిని ఇంటికి పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఆ ఎల్ఈడీ ఎలా కట్టానో అడిగి, కాగితం మీద గీయించుకుని తీసుకెళ్లారు. మేస్త్రిగారూ, మీరు రాసింది ఆయనకి కూడా చదివి వినిపించాను.

ఇప్పుడు ఈ జాయింట్లు ఎలా వేయాలి? సోల్డర్ చేయమంటారా? నా దగ్గర సోల్డరింగ్ ఐరన్ ఉంది.

కరెంటు మేస్త్రి (రాయగడ)

చాలా సంతోషంగా ఉంది. మెకానిక్ గారికి చూపించి మంచి పని చేశారు. ఆ ఎల్ఈడీ ఇంకెన్ని బండ్లకు పనికొస్తుందో.

ఇంజిన్ మీద ఉండే వైరుకి నేను సోల్డర్ చేయను. సోల్డర్ పట్టిన చోట తీగ బిరుసెక్కి, ఆ బిరుసు ఆగిపోయే అంచు దగ్గర ఊగి ఊగి విరుగుతుంది. చుట్టూ కదలకుండా పట్టి ఉంచితే నిలబడేవీ ఉన్నాయి కానీ చేతకానిచోట పోయేవే ఎక్కువ. క్రింపింగ్ చేయండి, అంటే బట్ కనెక్టర్ అనే చిన్న లోహపు గొట్టంలో రెండు కొనలూ పెట్టి నొక్కడం. నాలుగూ చేయండి, మూడోది ఒక్కటే కాదు. రెండోది ఈ దసరాకో వచ్చే వానలకో ఎలాగూ పోతుంది.

పచ్చగా ఉన్న భాగమంతా కోసేసి, రాగి ఎర్రగా మెరిసేదాకా వెనక్కి వెళ్లండి. వైరు పొట్టి అయితే మధ్యలో అదే మందం ఆటో వైరు ముక్క వేయండి, ఇంటి కరెంటు వైరు వద్దు, దాని తొడుగు ఆ వేడికి, ఆయిలుకి ఆగదు. నాలుగు జాయింట్లూ ఒకేచోట పడకుండా ఒకదానికొకటి రెండేసి అంగుళాల దూరంలో వేస్తే గుత్తి లావెక్కదు, ఒకదానికొకటి తగలవు. బట్ కనెక్టర్‌ని క్రింపింగ్ ప్లయర్‌తోనే నొక్కండి, కటింగ్ ప్లయర్ పట్టు చాలదు. నొక్కాక గట్టిగా లాగి చూడండి. పైన జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వేసి రెండు కొనల నుంచి జిగురు బయటికి వచ్చేదాకా వేడి చేయండి, అప్పుడే తడి చేరదు. స్లీవ్‌ను జాయింట్ వేయకముందే వైరుకి తొడిగి పెట్టుకోవాలి. తర్వాత గుత్తిని గొట్టంలో పెట్టి, ఎగ్జాస్ట్ వైపుకి జారకుండా క్లిప్పుతో పట్టించండి.

అయ్యాక 21 వాట్ల బల్బు పరీక్ష నాలుగు వైర్లకూ మళ్లీ చేయండి, ఈసీఎం తీసి ఉంచే. అన్నీ ఒకే వెలుతురు రావాలి. ఆ తర్వాత కోడ్‌లు తుడిపించి, బరువు వేసుకుని ఘాట్ ఎక్కండి. తిరిగి వచ్చాక స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూపించుకోండి, సున్నాకి అటూ ఇటూ తక్కువలో ఉంటే కన్వర్టర్, సెన్సర్ రెండూ క్షేమం అనుకోవచ్చు. పాత ఇంజెక్టర్ పారేశారా? ఉంటే దాచుకోండి, అది బాగానే ఉండి ఉంటుంది. కాయిల్ కూడా.

సంతబాట (పర్లాకిమిడి)

రెండూ డబ్బాలో ఉన్నాయి, పారేయలేదు. జాయింట్లు మీరు చెప్పినట్టే వేశాను, బల్బు నాలుగింటికీ సమానంగా వెలిగింది. నిన్న నిండు బరువుతో మోహన సంతకి వెళ్లి, అక్కడి నుంచి చంద్రగిరిలో టిబెటన్ల దగ్గర స్వెట్టర్లు చూసి వచ్చాను. ఘాట్ అంతా ఒకే ఊపులో ఎక్కింది. లైటు రాలేదు. పద్దెనిమిది వేలూ దసరా సరుకులో పెట్టేశాను. మీ రుణం తీర్చుకోలేను. పర్లాకిమిడి వస్తే మా ఇంట్లో భోజనం చేయకుండా వెళ్లకూడదు.

గుణుపురం డీజిల్

మేస్త్రిగారూ, ఇదంతా చదివాను. నాది కామన్ రైల్ డీజిల్ పికప్. ఒక ఇంజెక్టర్ కోడ్ వస్తోంది. ఇదే ఎల్ఈడీ, బల్బు దానికి పెట్టి చూడొచ్చా?

కరెంటు మేస్త్రి (రాయగడ)

వద్దు బాబూ. డీజిల్ కామన్ రైల్ ఇంజెక్టర్ వేరు. ఈసీఎం లోపలే వోల్టేజి పెంచి చాలా రకాల్లో 65 వోల్టులకు పైనే పంపుతుంది, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. రెండు వైర్లూ ఈసీఎం నుంచే వస్తాయి, 12 వోల్టుల ఫీడ్ అంటూ ఉండదు. బల్బు పెడితే ఈసీఎంకి ప్రమాదం, నడుస్తున్నప్పుడు కప్లర్ ముట్టుకుంటే మీకు షాక్. పైపు నట్లు కూడా నడుస్తుండగా వదులు చేయొద్దు, ఆ ప్రెజర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసి, కాసేపు ఆగి కప్లర్ విప్పి లోపల ఆయిలు, పచ్చదనం, ఎలుక కొరికిన వైరు ఉన్నాయేమో చూడండి. ఏ సిలిండర్ కోడో, బండి ఏ సంవత్సరందో, చల్లగా వస్తోందా వేడి మీద వస్తోందా అన్నది వేరే ప్రశ్నగా రాయండి, అక్కడ మాట్లాడుకుందాం.